సాంబారులో సబ్బునీళ్లు

ఆ మధ్యాహ్నం క్యాంటీన్ సాంబారులో సబ్బునీళ్లు పోసింది నేనే. యాజమాన్యం చర్చలకు వచ్చేదాకా కంపెనీ అన్నం ముట్టకూడదని మా యూనియన్ తీర్మానం. ఆకలికి ఆగలేక కొందరు మళ్లీ లైనులో నిలబడుతుంటే, అది మంచి ఉపాయమనిపించింది.

సాయంత్రం తిరువళ్లూరులో తిరుత్తణి బస్సెక్కాను. పక్క సీటులో ఒకామె అరచేతులు పదేపదే వాసన చూసుకుంటోంది.

"ఏమైందక్కా?"

ఆమె నా యూనిఫాం చూసింది.

"మీ క్యాంటీన్లోనే వండేదాన్నన్నా. సాంబారులో సోపు కలిసిందని కాంట్రాక్టరు ఇంక రావద్దనేసినాడు. సాంబారు కాచే గుండా కడిగేదానికి చేతగాదంట నాకు!" అంటూ రెండు చేతులూ నా ముఖం ముందు పెట్టింది. "నువ్వే చెప్పు, సోపు వాసన వస్తా ఉండాదా?"

తాలింపు వాసన వచ్చింది.

"లేదక్కా," అన్నాను.

"మీరన్నా గెలవండి. పాపం, కడుపు మాడ్చుకుంటా ఉండారు," అని తిరుత్తణిలో దిగిపోయింది.

మరునాడు గేటు దగ్గర, అందరి ముందూ కాంట్రాక్టరుకు నిజం చెప్పాను. ఆమెను మళ్లీ పనిలోకి పిలిచేదాకా లేవనని అక్కడే కూర్చున్నాను. యూనియన్ వాళ్లు తిట్టిపోశారు. ఒక్కరూ పక్కన కూర్చోలేదు. ఆమె గేటు దాటి లోపలికి వెళ్లాకే లేచాను.