దాహం ఉన్న గాలి

తాండూరులో పరశురాం చేసిన కూలర్ కొనాలంటే ముందు అతని ఉపన్యాసం వినాలి. రేకు కొట్టుకుంటూనే చెప్తాడు. "గాలికి దాహం ఉండాలె అన్నా. ఎండిన గాలి గడ్డిల నీళ్లు తాగి సల్లవడ్తది. తాగిన గాలి బయటికి పోవాలె. అందుకే ఎదురుంగ ఒక కిటికీ తెరిసి పెట్టు." ఎవరైనా తలుపులన్నీ బిగించుకుని, చల్లగా లేదంటూ వచ్చారో, ఇక వాళ్ల పని అయినట్టే. ఒకసారి ఇక్కడి బండల వ్యాపారి ముచ్చటపడి బందరులోని చుట్టాలకు ఒకటి పంపించాడు. ఒంటికి తడిబట్ట చుట్టుకున్నట్టుందని వాళ్లు తిట్టిపోశారు. పరశురాం నవ్వాడు. "ఆడ సముద్రం పక్కన గాలి కడుపునిండ తాగే ఉంటది. ఇంకేం తాగుతది?"

ఊరందరికీ పాఠం చెప్పే పెద్దమనిషి సొంత ఇంట్లో మాత్రం నోరు మెదపలేకపోయాడు.

ఆ మే నెలలో కూతురు అంబిక పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన రోజే పరశురాం తల్లి కొండమ్మ గది కిటికీ మూసి, సందుల్లో పాత చీర పేలికలు కుక్కింది. బాలింత చెవుల్లో దూది పెట్టింది. ఆమె మొండితనం వెనక ఒక మానని గాయం ఉంది. దోమ అనే ఊరి దగ్గర గొర్ల వెంట తిరిగిన రోజుల్లో ఆమె తొలిచూలు పిల్లాడు పురిటి గుడిసెలోనే పోయాడు. గాలి సోకిందన్నారు పెద్దలు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరు పురుడు పోసుకున్నా కిటికీ తెరిచే ధైర్యం ఎవరికీ లేదు. పరశురాం కూడా మారుమాట్లాడకుండా, తను చేసినవాటిలో మంచి కూలర్ తెచ్చి ఆ మూసిన గదిలోనే పెట్టాడు.

మొదటి పూట బాగానే గడిచింది. మరుసటి మధ్యాహ్నం అంబిక కేక పెట్టింది.

"నాయినా! పిల్ల పాలు తాగుతలేదు. ఒళ్లు కాలిపోతున్నది!"

పసిదాని ముఖం ఎర్రగా కందిపోయింది. నోరు తెరిచి ఉంది గానీ ఏడవడానికి సత్తువ లేదు. పరశురాం పరుగున పోయి ఐసుగడ్డలు తెచ్చి కూలర్ తొట్టిలో వేశాడు. ఫ్యాను వేగం పెంచాడు. ఉక్క తగ్గలేదు. భార్య నవనీత ఆసుపత్రికి పోదామని ఆటోకు ఫోన్ చేసింది. అది వచ్చేదాకా పిల్ల ఆగుతుందా? కూలర్ మీదికి వంగి చూడబోతూ అతను గోడకు చెయ్యి ఆనించాడు. అరచేతికి తడి తగిలింది. గోడకున్న అద్దం మసకబారి ఉంది, కింద నాపరాళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి. తాగిన గాలికే కూలర్ మళ్లీ మళ్లీ తాగిస్తోంది. బందరును తనే తెచ్చి మనవరాలి గదిలో పెట్టాడు.

కిటికీ వైపు నడిస్తే కొండమ్మ అడ్డంగా నిలబడింది.

"తెరువకురా! పచ్చి బాలింత, గాలి సోకుతది. ఒక్కన్ని పోగొట్టుకున్న, చాలదా?"

"అవ్వా, జర పక్కకు జరుగు."

"నా పానం పోయినా జరుగ!"

బుద్ధెరిగినప్పటి నుంచి తల్లి మాట జవదాటనివాడు, ఆమె భుజాలు పట్టి పక్కకు జరిపాడు. పేలికలు పీకి కిటికీ రెక్కలు తోశాడు. ఎండగాలి పొయ్యి సెగలా ముఖాన కొట్టింది. కొండమ్మ గుండెలు బాదుకుంది. అతను కూలర్ వీపును కిటికీకి ఆనించి, ఎదురు తలుపు బార్లా తెరిచాడు. నవనీత తడిగుడ్డతో పిల్ల ఒళ్లు తుడవసాగింది. తప్పు చేశానేమోనన్న భయంతో పరశురాం మాటిమాటికీ పిల్ల నుదురు తాకి చూశాడు.

కాసేపటికి గది తేలికైంది. కూలర్ నుంచి అసలైన చల్లదనం మొదలైంది. పిల్ల కాళ్లు తన్నింది, సన్నగా ఏడ్చింది, తల్లి రొమ్ము అందుకుంది. అంబిక ఏడుస్తూనే నవ్వింది. ఇంతలో ఆటో వచ్చింది. ఎందుకైనా మంచిదని నవనీత ఇద్దరినీ డాక్టరు దగ్గరకు తీసుకుపోయింది.

పరశురాం తల్లి కోసం చూశాడు. పీకి పారేసిన చీర పేలికను ఒళ్లో పెట్టుకుని గోడవారన కూర్చుంది. తిట్లు తినడానికి సిద్ధపడి దగ్గరకు పోయాడు. ఆమె తలెత్తలేదు.

"ఆ దినం గుడిసెల గూడ గిట్లనే ఉక్కపోసింది రా. వాడు గూడ గిట్లనే నోరు తెరిసిండు," అన్నది. "తలుపు నేనే మూసిన."