ఉప్మాలో బల్లి

డెబ్బైలలో పామర్రు దగ్గర ఒక పల్లెలో ప్రైమరీ స్కూలు టీచరుగా పనిచేశాను. పిల్లలకు మధ్యాహ్నం ఉప్మా వండే ఆవిడ ఊరి చివర క్రైస్తవుల పేట నుంచి వచ్చేది. ఆమె వండుతోందని పెద్ద కులాలవాళ్లు తమ పిల్లలకు ఇంటి నుంచే క్యారేజీలు పంపేవారు.

ఒకరోజు సాయంత్రం కొందరు పిల్లలకు వాంతులయ్యాయి. తెల్లారేసరికి ఉప్మాలో బల్లి పడిందన్న మాట ఊరంతా పాకిపోయింది.

పిల్లలు తేరుకుని బడికి వచ్చాక క్లాసులో అడిగాను.

"బల్లి పడిందని విన్నవాళ్లు చేతులెత్తండి."

అందరూ ఎత్తారు.

"చూసినవాళ్లు?"

ఒక్క చెయ్యీ లేవలేదు.

వాంతులైనవాళ్లను ఆ రోజు ఏం తిన్నారో చెప్పమన్నాను. అందరూ గేటు దగ్గర బండివాడి ఐస్ తిన్నారు. వాళ్లలో ఊరి ప్రెసిడెంటుగారి మనవడూ ఉన్నాడు. "నేను ఉప్మా తిననుగా టీచర్! నాకు క్యారేజీ వస్తది" అన్నాడు.

ముందు వరుసలో పిల్ల ఒకతి లేచి నిలబడింది. "నేను ఉప్మా తిన్నాను టీచర్, ఐస్ తినలా. నాకేం కాలా. అయితే బల్లి కాదు, ఐసే!"

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ ఉత్సాహంతోనే సాయంత్రం ప్రెసిడెంటుగారింటికి వెళ్లి అంతా వివరించాను. ఆయన ఓపిగ్గానే విన్నారు.

"బానే ఉందమ్మా. కానీ ఊరంతా ఒకటంటుంటే మీరొక్కరూ ఇంకోటంటారేంటి? ఇంతమందీ అబద్ధమాడతారా?"

"మీ మనవడు ఉప్మా ముట్టుకోనే లేదండీ. బాబునే అడగండి."

"చిన్నపిల్లాడు. వాడికేం తెలుసు?"

సోమవారానికి కొత్త వంటమనిషి వచ్చింది, ప్రెసిడెంటుగారి వీధి నుంచే. క్యారేజీలు రావడం మానేశాయి. బల్లి ఎవరికి అవసరమైందో అప్పుడు అర్థమైంది నాకు.

పని పోయిన ఆవిడ తన గరిటె తీసుకెళ్లడానికి వచ్చింది. "మూత పెట్టే వండానండీ, టీచరుగారూ" అంది.

ఆమె వెళ్లాక క్లాసులో ఆ ముందు వరుస పిల్ల లేచి అడిగింది. "బల్లి పడలేదని మనం తేల్చాం కదా టీచర్. మరి ఆమెని ఎందుకు తీసేశారు?"

"నిజం తెలిసినా ఒప్పుకోనివాళ్లు ఉంటారమ్మా."

"పెద్దవాళ్లు కూడానా?"

"పెద్దవాళ్లే."

ఆ పిల్ల కూర్చుంది. ఆ తర్వాత చాలాకాలం ఆ క్లాసులో నన్ను ఎవరూ ఏ ప్రశ్నా అడగలేదు.