కింది అక్షరాలు లేని సినిమా

పోయిన ఆదివారం అటక దులిపిస్తుంటే పాత వీడియో క్యాసెట్ల అట్టపెట్టె బయటపడింది. ప్రతిదాని మీదా నా చేతిరాతలో నంబరు, భాష, తేదీ ఉన్నాయి. ఇంటికి రంగులు వేయించే హడావిడిలో ఉన్న మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, నా కుర్చీకి ఎదురుగా నిలబడి, ఆడితే ఉంచుకుందామని, ఆడకపోతే పాత సామాన్ల బండికి ఇచ్చేద్దామని తేల్చి చెప్పింది. మా ఇల్లు చైతన్యపురి మెయిన్ రోడ్డుకు దగ్గర. ఈమధ్య ఆ మెట్రో రొదలో ఎవరేమన్నదీ నాకు సరిగా అందడం లేదు గానీ, ఈ మాట మాత్రం స్పష్టంగానే అందింది.

మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఉన్న ఒక్క చానెల్లో ఆదివారం మధ్యాహ్నాలు ఇతర భాషల సినిమాలు వేసేవారు. పాటలుండవు, ఫైట్లుండవు, మనిషి వెళ్లిపోయాక కూడా కెమెరా ఆ ఖాళీ గుమ్మాన్నే చూస్తూ ఉండేది. వీధి వీధంతా నిద్రపోయే ఆ వేళ మేమిద్దరం మేలుకుని చూసేవాళ్లం. అప్పుడు గడ్డిఅన్నారంలో కిరాయికి ఉండేవాళ్లం. ఎండాకాలమైతే పండ్ల మార్కెట్ నుంచి మామిడిపండ్ల వాసన, దానితో పాటే ఎండుగడ్డి వాసన కిటికీలోంచి వచ్చేవి. నేను మేడెక్కి యాంటెనా తిప్పుతుంటే, బొమ్మ వచ్చిందనో పోయిందనో ఆవిడ కింద నుంచి కేకేసేది. ఆమెది నల్లగొండ పక్క పల్లె, ఇంగ్లీషు చదవడం రాదు. అందుకని బొమ్మ కింద వచ్చే అక్షరాలను నేను తెలుగు చేసి పైకి చదివేవాణ్ణి, ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ ఊ కొట్టేది. నేను చదవకపోతే ఆ సినిమాలు ఆమెకు అందవని నా నమ్మకం.

అలా టీవీలోంచి రికార్డు చేసుకున్నవాటిలో నా ప్రాణం ఒక మలయాళ సినిమా. ఒక రైల్వే గేటు కాపలాదారుకు చెవులు మందగిస్తాయి. తెలిస్తే ఉద్యోగం పోతుందని భార్యకు కూడా చెప్పకుండా దాస్తాడు. చివర్లో ఆమె తనకు తెలుసునంటుంది. అంతే కథ. ఆ సినిమా మళ్లీ ఎక్కడా కనబడలేదు, ఫోన్లో ఎంత వెతికినా దొరకలేదు. ఈ క్యాసెట్ ఆడకపోతే నా వరకు ఆ సినిమా లేనట్టే. ఆనాటి డైరీ తీస్తే, గాలి ఎటు వీచిందో, వార్తలప్పుడు రికార్డింగు ఎక్కడ ఆపానో ఉంది గానీ, ఒక్కరి ముఖం గురించి కూడా లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో వెతికి వెతికి ఒక షాపులో మా పాత వీడియో ప్లేయర్‌కు బెల్టులు మార్పించుకొచ్చాను. బొమ్మ వచ్చింది. వానలో తడిసిన పట్టాలు, చేతిలాంతరు, ఆ మనిషి ముఖం, అన్నీ వచ్చాయి. కానీ తెర అడుగున నాలుగు వేళ్ల మేర తెల్లచారలు చిందులేస్తున్నాయి, సరిగ్గా అక్షరాలు ఉండేచోట. బొమ్మను సరిచేసే ట్రాకింగ్ మీట ఎంత తిప్పినా అవి కదల్లేదు. అక్షరాలు లేనిదే ఇంకేం చూస్తామని ఆపెయ్యబోయాను.

ఆపొద్దని సైగ చేసి, ఆవిడ స్టూలు నా ఎదురుగా వేసుకుని పక్కకు తిరిగి కూర్చుంది. కొంతసేపయ్యాక తెర వైపు వేలు చూపింది.

"సూడుండ్రి, ఆమె ఆయనను ఎన్కనుంచి ఒక్కసారి గూడ పిలువలే. ముంగటికొచ్చినంకనే మాట్లాడ్తది. ఆమెకు మొదటినుంచే ఎరుక."

టేపు మొదటికి తిప్పి చూశాను. నిజమే. అన్నం పెట్టినా, లాంతరు అందించినా, వాన వస్తోందని చెప్పినా, ఆ ఇల్లాలు అతని చుట్టూ తిరిగి ముఖం ముందుకు వచ్చి గానీ పెదవి కదపదు. చివర్లో తెలుసుకుందనుకున్నాను ఇన్నేళ్లూ. నా చూపంతా అక్షరాల మీదే ఉండిపోయింది. ఇంత సినిమా నా కళ్లముందే నడుస్తుంటే నేను చూసింది దాని అడుగంచు మాత్రమే.

ఈ సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగితే నవ్వింది. "మీరు సదువుతుంటే ఆళ్ల గొంతులే నాకు ఇనరాకపోయేటివి. అంత ఇష్టంగ సదువుతుంటిరి, ఎట్ల వద్దంట?"

క్యాసెట్ల పెట్టె మళ్లీ అటకెక్కింది. ఇప్పుడు ఏ భాష సినిమాకైనా ఫోన్లోనే తెలుగు అక్షరాలు, కావాలంటే తెలుగు గొంతులు కూడా వస్తాయి; యాంటెనాలు లేవు, గడ్డిఅన్నారం మార్కెట్టే అక్కడ లేదు. ఆ రోజు సినిమా అయిపోయాక కూడా ఆ ఖాళీ పట్టాలను తలుచుకుంటూ కూర్చుండిపోయాను. ఆవిడ వంటింట్లోకి వెళ్లింది, కాసేపటికి బయటికొచ్చింది, నా కుర్చీ చుట్టూ తిరిగి ముందుకొచ్చి నిలబడి, చాయ్ పెట్టనా అని అడిగింది. ఆ కిరాయి ఇంట్లో ఆమె కేక కింద నుంచి మేడ మీదికి వినబడేది. ఎప్పటినుంచి ఇలా ఎదురుగా వచ్చి మాట్లాడుతోందో, నా డైరీల్లో ఎక్కడా లేదు.