పోట్లాట పెట్టించిన ఆరాల మాస్టారు

ఎదుటివాళ్ల ఇంటి సంగతులు కూపీ లాగందే ఆరాల మాస్టారు గుండె గీత చదవరు. గుండె ప్రమాదంగా కొట్టుకుంటే షాకిచ్చే పెట్టెను కొందరికి ఛాతీలో అమరుస్తారు. అది దాచిపెట్టిన గీతలు తెరమీద చదవడం ఆయన ఉద్యోగం. ఆయన గదిలోకి వెళ్లొస్తే మేనత్త తోడికోడలి పేరు కూడా గుర్తొస్తుందని ఆసుపత్రిలో ప్రతీతి.

చిన్న డాక్టరమ్మకు ఈ ఆరాలంటే ఒళ్లుమంట. ఆ రోజైతే మరీను. గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయనకు మూడు రోజుల్లో నాలుగు షాకులు కొట్టాయి. అయిదోది ఎప్పుడో తెలియక ఆయన బల్లమీద బిగుసుకుపోయి ఉన్నాడు. భార్య గుమ్మం దాటి లోపలికి రానంటోంది.

మాస్టారు ముందు ఆయన ఛాతీమీద అయస్కాంతం అంటించారు. "ఇదున్నంతసేపు షాకు కొట్టదు." తర్వాత గీతలకేసి చూశారు. "మొదటిసారి కొట్టినప్పుడు ఏం చేస్తున్నారు?"

"పోట్లాడుకుంటున్నాం," అంది భార్య.

"రెండోసారి?"

"పోట్లాటే." ఆవిడ ఏడ్చేసింది. "నాలుగుసార్లూ అంతే బాబూ. నా నోరే ఆయన ప్రాణం తీస్తోంది. నిన్నటినుంచి మాట్లాడ్డమే మానేశాను."

"దేనిగురించి పోట్లాట?"

"మాస్టారూ," అని పళ్లు నూరింది డాక్టరమ్మ.

"కిటికీ గురించి. ఆయన తియ్యమంటారు, నేను వెయ్యమంటాను."

"అయితే ఇప్పుడు పోట్లాడండి."

డాక్టరమ్మ బయటినుంచి షాకిచ్చే యంత్రాన్ని బల్ల పక్కకు లాక్కుని, అయస్కాంతాన్ని అరచేత్తో అదిమిపట్టింది.

"దోమలొస్తాయండీ," అంది ఆవిడ గుమ్మంలోంచే.

"మరి గాలో?" పెద్దాయన అలవాటుగా ఎడమచెయ్యి ఎత్తి ఊపాడు.

తెరమీద పెట్టె పంపే పైగీత పిచ్చెక్కినట్టు చెలరేగింది. మాస్టారు ఒంటికి అంటించిన బిళ్లలనుంచి వచ్చే కిందిగీతమీద వేలు పెట్టి చూపించారు. అది నింపాదిగా నడుస్తోంది.

"చూశారామ్మా, గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. పెట్టెనుంచి గుండెకు వెళ్లే తీగ చిట్లింది. చెయ్యెత్తితే అది గరగరమంటోంది, పెట్టె దాన్నే గుండెదడ అనుకుంటోంది. తీగ మారిస్తే సరి. ఇందులో మీ నోటి తప్పేం లేదు."

ఆవిడ తెరకేసి చాలాసేపు చూసింది. అప్పుడు గుమ్మం దాటి వచ్చి భర్త పక్కన కూర్చుంది.

పెట్టెలో షాకులు ఆపేసి, పెద్దాయన్ని వార్డులో చేర్పించాక డాక్టరమ్మ అడిగింది. "చెయ్యెత్తమంటే సరిపోయేదిగా? ఈ పోట్లాటెందుకు?"

"తీగేనని గీత చూడగానే అనుకున్నాను. చెయ్యెత్తి చూపిస్తే మనకి సరిపోతుంది. ఆవిడకి సరిపోదుగా."

డాక్టరమ్మకు సిగ్గేసింది. వార్డులో ఆవిడ గొంతు అప్పుడే హెచ్చుతోంది. "నిన్నటినుంచి మీకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి."

"చెప్పు, వింటున్నా," అంటున్నాడు పెద్దాయన, చేతులు రెండూ దుప్పటికింద దాచుకుని.