బావ భుజానికి వినిపించిన ఇంజను

పోయిన ఆదివారం మా మేనకోడలు వాళ్ల నాన్న కోసం, అంటే మా బావ కోసం, బ్యాటరీతో నడిచే బొమ్మ ట్రక్కు ఒకటి కొనుక్కొచ్చింది. సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాలు చేసే కంపెనీలో దాని ఉద్యోగం. రిటైరైన తండ్రి గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడని దాని బెంగ. ముత్తంగిలో వాళ్ల ఇంటి ముందు రోడ్డు మీద రిమోటు నొక్కగానే ఆ ట్రక్కు చప్పుడు లేకుండా, పొగ లేకుండా దూసుకుపోయి, మలుపు తిరిగి, మళ్లీ మా కాళ్ల దగ్గరకొచ్చి ఆగింది. బాగుంది, కాదనను. నా ముక్కు మాత్రం ఆముదం వాసన కోసం వెతికింది.

ఆముదమంటే మన వయసు వాళ్లకు అమ్మ ముక్కు మూసి తాగించిన మందే గుర్తొస్తుంది. నాకూ బావకూ మాత్రం నైట్రో ట్రక్కు గుర్తొస్తుంది. రిమోటుతోనే నడిచేది గానీ, మూరెడు పొడుగుండే ఆ బండిలో నిమ్మకాయంత నిజమైన ఇంజను ఉండేది, అది తాగే నూనెలో ఆముదం కలిసి ఉండేది. హైదరాబాదులో ఎవరో విసిగి వదిలించుకున్న పాత బండిని బావ ఇంటికి తెచ్చి, అక్క వంటింటి గట్టు మీదే విప్పి, ఆమె చేత నానా తిట్లూ తిని, చివరికి దాన్ని బతికించాడు. అప్పట్లో ఆయన పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఇనుప రేకులను మిషన్లతో అచ్చుగుద్దే ఒక ప్రెస్ షాపులో, నేను ఆ వెనక వీధి షెడ్డులో లేత్ మిషను మీద పనిచేసేవాళ్లం.

బండి ప్రాణమంతా దాని పొగగొట్టంలో ఉందని బావ నమ్మకం. మధ్యలో ఉబ్బి చివర సన్నబడే ఆ గొట్టం గురించి మొదలుపెట్టాడంటే చాయ్ చల్లారిపోయేది. "పొగ పోతది, సన్నగైన కాడ కొట్టుకొని ఎన్కకొస్తది. ఇంజను తలుపు మూసుకోకముందే ఒచ్చి, బయటికి జారిన నూనెను మళ్ల లోపటికి నెట్టాలె. ముచ్చటంత గొట్టం పొడుగుల ఉన్నది బామ్మర్దీ" అనేవాడు. గొట్టం పొట్టిదైతే బండి చదును నేల మీద తూటాలా పోయేది గానీ మట్టిదిబ్బ ఎక్కలేక మధ్యలోనే నీరసపడేది. పొడుగు చేస్తే దిబ్బ ఎక్కేది, పరుగు తగ్గేది. ఈ రెంటికీ రాజీ కుదర్చడానికి నేను తుక్కు అల్యూమినియంతో రకరకాల పొడుగుల్లో అతుకు ముక్కలు చేసిచ్చేవాణ్ణి, మా సేటు చూసీ చూడనట్టు పోయేవాడు.

ఆదివారం పొద్దున్నే కర్దనూర్ వైపు ప్లాట్ల కోసం చదును చేసి వదిలేసిన ఎర్రమట్టి నేలకు పోయేవాళ్లం. చక్రాలు గాలిలో తిరిగేలా బండిని ఇటుక మీద నిలబెట్టి, బావ గొంతుకూర్చుని, కళ్లు మూసుకుని, ఒక చెవి వంచి, నూనె పారే సూదిని స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి తిప్పేవాడు. నూనె ఎక్కువైతే ఇంజను గొంతు బొంగురుపోయేది, మరీ తక్కువైతే సన్నగా అరిచి వేడెక్కి చచ్చేది. రెంటికీ నడుమ అది పాడే జాగా ఒకటుంది. దాన్ని పట్టుకున్నప్పుడు బావ ముఖం చూడాలి, పెళ్లినాడు కూడా అంత వెలుగు లేదని అక్క ఎత్తిపొడిచేది.

ఒక ఎండాకాలం అక్క కూడా టిఫిను డబ్బా పట్టుకుని మా వెంట వచ్చింది. బావ యథాప్రకారం కళ్లు మూసుకుని సూది తిప్పుతున్నాడు. ఉన్నట్టుండి ఇంజను ఆగిపోయింది. బావ చెయ్యి ఆగలేదు. నవ్వుతూ, చెవి వంచి, ఇంకా తిప్పుతూనే "ఇగ సూడు, ఎంత సాఫ్‌గ పాడుతున్నదో" అన్నాడు. అక్క నా వైపు చూసింది, నేను నేల వైపు చూశాను. కాసేపటికి బావ కళ్లు తెరిచి మా ముఖాలు చూసి, పొగ రాని గొట్టాన్ని చూసి, "ఆగిందా?" అని అడిగాడు.

ప్రెస్ షాపు ఆయన చెవులను తినేసింది. ఆయనకు ముందే తెలుసు, మాకు తెలియకుండా నెట్టుకొస్తున్నాడు. ఇంటికొచ్చి బండిని సజ్జ మీద పెట్టి, ఇనరాని మనిషికి ఇంజనెందుకన్నాడు. ఆ తర్వాత ఆదివారాలన్నీ గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. బండికి రోజూ శాపనార్థాలు పెట్టిన అక్కే చివరికి నన్ను పిలిచింది. "ఆ పీనుగ బండిని దించు తమ్మీ. గీయన గిట్ల కూసుంటే నేను సూడలేను" అంది.

బావను బతిమాలి ఆ ఎర్రమట్టి నేలకు తీసుకుపోయాను. ఇంజను అందుకుంది. బావ స్క్రూడ్రైవరు పట్టుకున్నాడు గానీ సూది తిప్పలేదు. నేను ఎంత అరిచినా తల అడ్డంగా ఊపాడు. అంతలో ఏమనుకున్నాడో, నా చెయ్యి తీసి తన భుజం మీద పెట్టుకున్నాడు. ప్రెస్ షాపు హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు గనుక అక్కడి వాళ్లు ఒకరి భుజం ఒకరు నొక్కే మాట్లాడుకుంటారు. నాకు అర్థమైంది. ఇంజను బొంగురుపోతే వేళ్లు వదులు చేశాను, గొంతు పైకి లేస్తుంటే బిగించాను, పాడే జాగాకు రాగానే తట్టాను. సూది అక్కడ ఆగింది. దించగానే బండి సన్నటి నీలం పొగ లాగుతూ దిబ్బ ఎక్కి అవతల దిగింది. బావ కళ్లు తుడుచుకుని, ఆముదం పొగ మండుతోందన్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన చెవులు నా వేళ్లలోనే ఉన్నాయి. ఇప్పుడు ఆ ఎర్రమట్టి నేల మీద గోదాములు లేచాయి, ఆ నూనె అమ్మే దుకాణం లేదు, మా సేటు షెడ్డూ లేదు. అప్పుడు మిషన్ల చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అనుకునేవాళ్లం. ఇప్పుడు ఆ చప్పుడు కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

మేనకోడలు రిమోటు నొక్కి తన ట్రక్కును మళ్లీ పంపింది. బావ ప్లాస్టిక్ కుర్చీ నా పక్కకు జరుపుకుని, కళ్లు మూసుకుని, నా చెయ్యి తీసి తన భుజం మీద పెట్టుకున్నాడు. చప్పుడే లేని బండి, చెప్పడానికి నాకేమీ వినపడలేదు. అయినా వేళ్లు వదులు చేశాను, మెల్లగా బిగించాను, చివరికి తట్టాను.

"సాఫ్‌గ పాడుతున్నది బామ్మర్దీ" అన్నాడు బావ.