టీ గ్లాసుడు పాలు

మా తోడికోడలు విజయకుమారి మంచిది కాదని నేను చెప్పలేను. అదే నా ఏడుపు. చెడ్డదైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

పూండి దగ్గర మా ఊళ్ళో ఒకే వాకిట్లో రెండు కాపురాలు మావి. పెద్దకోడలు కాబట్టి ఆమెను అక్కా అంటాను. 2001లో నాకు భవ్యశ్రీ పుట్టేసరికి అక్క కొడుక్కి ఐదో నెల. పిల్లకి మూడో నెల రాగానే, అక్క దగ్గర వదిలి, పొద్దుటి ప్యాసింజరెక్కి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి మళ్ళీ పనికి పోయాను.

ఒక్కో తడవకి పిల్లకి ఎన్ని పాలు కావాలని నర్సమ్మను అడిగితే, ఈ వయసుకి సుమారుగా చిన్న టీ గ్లాసుడు, మూడు గంటలకోసారి అంది. ఫ్యాక్టరీలో పొద్దస్తమానం తూకాలు చూసేదాన్ని, నాకా కొలత తెగ నచ్చింది. తెల్లారకముందే లేచి, పిండగలిగినన్ని పిండి, గ్లాసుతో కొలిచి చెంబులో పోసి, తడిగుడ్డ చుట్టి అక్కకిచ్చేదాన్ని.

"కొలిసి పట్టక్కా. తగ్గనీకు."

"కడుపు నిండితే అదే తల తిప్పుకుంటది గదే" అని నవ్వేది.

సాయంత్రానికి చెంబు కడిగి బోర్లించి ఉండేది. జీడిసొన అంటిన చేతులకు ఆముదం రాసుకుని, తోముకుని, రొమ్ములు సలుపుతుంటే ఆత్రంగా పిల్లను ఎత్తుకునేదాన్ని. రెండు గుక్కలు తాగి తల తిప్పేసేది. అక్క చంకనెక్కితే మాత్రం కిలకిలా నవ్వులు. మోసింది నేను, కన్నది నేను, నవ్వులు మాత్రం ఆవిడకి.

ఒకరోజు బాయిలర్ చెడిపోయి మధ్యాహ్నమే ఇంటికి పంపేశారు. వచ్చేసరికి అక్క అరుగు మీద కూర్చుని ఉంది. నా పిల్ల ఆవిడ రొమ్ము తాగుతోంది. పక్కన వాళ్ళ బాబు చోడిజావ గిన్నె నాకుతున్నాడు.

"నా పాలేటి సేసినావు?" అన్నాను.

అక్క గోడవారనున్న కొబ్బరి మొక్క వైపు చూసింది. దాని మొదట్లో విరిగిన పాలు తెల్లగా అంటుకుని ఉన్నాయి.

"ఎండకి పది గంటలకే పులిసిపోతన్నాయే. పారబోసిన తల్లిపాలు చీమలు ముడితే తల్లికి పాలింకిపోతాయంటారు, అందుకని మొక్కకి పోసినాను. సీకట్లో లేసి పిండుతున్నావు గదా, సెప్పలేకపోనాను."

"ఎప్పుట్నించి?"

"రెండో రోజు కాడ్నించి."

నలభై రోజులు. తిడదామని నోరు తెరిచాను. ఏమని తిట్టను? తన కొడుక్కి జావ పోసి నా కూతురికి పాలిస్తోంది మహాతల్లి. లోపలికి పోయి తలుపు వేసుకుని ఏడ్చాను.

భవ్యశ్రీకిప్పుడు ఎనిమిదేళ్ళు. పని మానేసి నేను ఇంటిపట్టునే ఉంటున్నాను. ఆ కొబ్బరి చెట్టు కాపుకొచ్చింది. అన్నం కలిపి పిలిస్తే పిల్ల గుమ్మం దగ్గరే తల తిప్పేస్తుంది.

"పెద్దమ్మ పెట్టేసిందమ్మా."

ఆ కలిపిన అన్నం నేనే కూర్చుని తింటాను.