సగం కోయమన్న ఫొటో

డెబ్బై ఆరో, డెబ్బై ఏడో. చమురు పుణ్యమా అని దోహాలో ఎటు చూసినా కొత్త గోడలు లేస్తున్న కాలం. అక్కడి ఉమ్ ఘువైలినా పేటలో ఒక ఫొటో ఫ్రేముల దుకాణంలో నేనూ, మా జగిత్యాల పోశెట్టీ పని చేసేవాళ్ళం. వాడికి ఇంగ్లీషు వచ్చు. నాకు అప్పటికి తెలుగు అక్షరాలే రావు.

ఒక పొద్దున ఒక అమెరికా ఆవిడ పాత ఫొటో తెచ్చింది. చెట్టుకు ఒక నల్లమనిషి వేలాడుతున్నాడు. కింద తెల్లవాళ్ళు మంచి బట్టలు వేసుకుని నిలబడ్డారు. మా ఊళ్ళో మనిషి పోతే ఇంటివాళ్ళంతా శవం దగ్గర నిలబడి ఆఖరి ఫొటో దిగుతారు. ఇదీ అదేననుకున్నాను. ఉరేసుకున్నాడు కాబోలు, పాపం.

"ఈయన ఆమెకేమైతడో అడుగు," అన్నాను.

పోశెట్టి అడిగాడు. ఆమె ముఖం ఎర్రబడింది. ఆమె మాటలు వాడే నాకు చెప్పాడు.

"ఏమీ కాడు. కింద నవ్వుతున్న పిల్ల మా అమ్మమ్మ. వయసులో ఉన్నప్పటి ఫొటో ఇదొక్కటే. పైసగం కోసేయండి."

"మౌంట్ పెడత," అన్నాను. అద్దానికీ ఫొటోకీ నడుమ పెట్టే అట్ట అది. దాని మధ్య కోసినంత మేరే బొమ్మ కనబడుతుంది.

"వద్దు. వెనక ఉన్నాడని నాకు తెలుస్తుంది కదా."

"సచ్చినోని బొమ్మకు కత్తి పెట్టనని చెప్పు."

"నీ మేనమామనారా? కొయ్యరాదూ!" అని కసిరి, పోశెట్టి ఆమెనే అడిగాడు, ఇతను చేసిన తప్పేమిటని.

"ఒక తెల్లపిల్ల వంక చూశాడన్నారు. ఊరంతా కలిసి ఉరితీశారు. ముందు నిలబడ్డది మా తాత. ఆ తర్వాత ఎన్నికల్లో గెలిచాడు."

"ఏ పిల్ల?"

ఆమె అమ్మమ్మ మీద వేలు పెట్టింది.

"గామెనేనట. మరి నవ్వుతదేందిరా?" అన్నాడు పోశెట్టి నాతో.

ఆమెకు తెలుగు రాదు. అయినా ఆ ప్రశ్న అందినట్టే ఉంది. "నవ్వమన్నారో, నవ్వొచ్చిందో, నేనెప్పుడూ అడగలేదు. నన్ను పెంచింది ఆమే. చాలా మంచిది," అంది.

కత్తి ఆమె ముందు పెట్టి, మీరే కోసుకోండన్నాను. తీసుకుంది. ఫొటో మీద ఆనించింది. కోయకుండానే కింద పెట్టేసింది.

"మొత్తానికీ ఫ్రేము కట్టండి."

"ఏ గోడకు వెయ్యాలె?" గోడను బట్టి కొక్కెం బిగించాలి కాబట్టి అడిగించాను.

"తెలీదు," అంది. కట్టిన ఫ్రేము గుండెకు ఆనించుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఎవరు ఏ ఫొటో తెచ్చినా, కోసే ముందు బొమ్మలోంచి బయటికి పోయేది ఎవరని అడగడం అలవాటయింది. చెబితే విని ఏం చేయాలో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు.